పిడుగుకు తాడు కట్టినవాడు

మా యూనిట్లో ఆయన్ని అందరూ ముడి బాబాయ్ అనేవాళ్లు. సినిమాల్లో తాళ్లు కట్టడం ఆయన పని. హీరో మేడ మీంచి దూకినా, కదిలే రైలు మీంచి ఎగిరినా, జనం కంటికి ఆనకుండా వెనకాల ఒక తాడు ఉంటుంది. ఆ తాడుకు ఈ చివర హీరో, ఆ చివర బాబాయ్. నేను అదే యూనిట్లో కంటిన్యూటీ రాసేవాణ్ణి. నిన్నటి షాట్‌లో హీరో చొక్కాకి ఎన్ని గుండీలు ఊడాయి, నెత్తురు ఏ కనుబొమ్మ మీద పూశారు, ఇలాంటివన్నీ రాసి పెట్టుకునే ఉద్యోగం. చూడ్డమే నా పని కాబట్టి బాబాయ్‌ని పదహారేళ్లు దగ్గర్నుంచి చూశాను. అంత పిరికి మనిషిని నేను ఇంకెక్కడా చూడలేదు.

లిఫ్ట్ ఎక్కడు. ఎన్ని అంతస్తులైనా మెట్లే. రోడ్డు దాటాలంటే ఎవరో ఒకరు కదిలేదాకా ఆగి వాళ్ల వెనకాల నడిచేవాడు. ఇంటికి తాళం వేసి, వీధి మలుపు దాకా వెళ్లి, వెనక్కొచ్చి తాళం లాగి చూసి మళ్లీ బయల్దేరేవాడు. ఆయన భార్యని నేను పిన్నీ అని పిలిచేవాణ్ణి. నవ్వకుండా నవ్వించే మనిషి. మీ బాబాయ్ బూటు లేసు కట్టుకుంటే విప్పడానికి ఇద్దరు కూలీలు కావాలి నాయనా అనేది.

ఆ భయం ఊరికే పుట్టింది కాదు. వాళ్ల నాన్న పెద్ద పెద్ద భవనాలకి రంగులు వేసేవాడు. పైకప్పు మీంచి రెండు తాళ్లు వదిలి, వాటికి ఒక పలక కట్టి, దాని మీద కూర్చుని గోడ పొడుగునా దిగుతూ రంగు పూయాలి. కొడుకులిద్దరూ అదే పనిలోకి దిగారు. బాబాయ్‌కి పంతొమ్మిదేళ్లప్పుడు, ఒక ఆఫీసు భవనం మీద వాళ్ల అన్న తన పలకకి తనే ముడి వేసుకున్నాడు. చూడగానే బాబాయ్‌కి ఏదో తేడాగా అనిపించింది. తాడు కొస కాస్త పొట్టిగా మిగిలింది. అడుగుదామనుకున్నాడు. అడిగితే, నాకే నేర్పుతావురా అని అన్న పదిమందిలో నవ్వుతాడని నోరు మూసుకున్నాడు. నాలుగో అంతస్తు దగ్గర ముడి జారింది. ముందు రంగు డబ్బా పడిన చప్పుడు వినిపించింది. తర్వాత ఇంకో చప్పుడు. ఈ సంగతి బాబాయ్ నాకు ఒక్కసారే చెప్పాడు, అదీ గోడ వైపు చూస్తూ.

ఆ రోజుతో రంగుల పని మానేశాడు. పైకప్పు అంచు దగ్గరికి వెళ్లడం కూడా మానేశాడు. కానీ చేతికొచ్చిన విద్య తాళ్లే కదా. సినిమాల్లో ఫైట్లు చేయించే మాస్టర్ ఒకాయన తాళ్ల మనిషి కోసం వెతుకుతుంటే వెళ్లి చేరాడు. అంచుకి రెండు గజాలు ఇవతలే నిలబడి పని చేసుకునేవాడు. ముడి వేశాక పక్కవాళ్ల ప్రాణం తీసేవాడు. బిగిందా, నువ్వు చూశావా, నువ్వూ చూశావా అని ఒక్కొక్కరినీ అడిగేవాడు. విసుక్కున్నవాణ్ణి రెండోసారి అడిగేవాడు.

ఇక పిడుగు సంగతి. మా హీరోకి జనం పెట్టుకున్న పేరది. అప్పటికింకా అతను పిడుగు కాదు. ఇళ్లు మారేవాళ్ల సామాన్లు మోసే కంపెనీలో బీరువాలు ఎత్తి ఎత్తి ఒళ్లు గట్టిపడి, ఫైటర్ల గుంపులో చేరాడు. హీరో చేతిలో దెబ్బ తిని బల్ల విరిగేలా పడే ఎనిమిదిమందిలో ఎడమ నుంచి మూడోవాడు. ఒకరోజు హీరోకి డూప్‌గా దూకాల్సినవాడి కాలు బెణికింది. ఒడ్డూ పొడుగూ సరిపోయిందని ఇతన్ని మూడో అంతస్తు ఎక్కించారు. తాడు కట్టడానికి బాబాయ్ వెళ్లేసరికి నీళ్ల ట్యాంకు చాటున వంగి వాంతి చేసుకుంటున్నాడు. మూతి తుడుచుకుని, అన్నా ఎవరికీ చెప్పకు అన్నాడు. బాబాయ్ తన మోకాళ్ల వైపు చూపించాడు. అవీ వణుకుతున్నాయి. ఆ ముడిని బాబాయ్ తొమ్మిదిసార్లు చూశాడు. అతను దూకాడు.

ఆ దూకడం ఒక దర్శకుడికి నచ్చింది. తర్వాత మొహం కూడా నచ్చింది. మూడేళ్లు తిరిగేసరికి అతనే హీరో. పోస్టర్ల మీద పేరు కన్నా పెద్ద అక్షరాల్లో ‘డూప్ లేకుండా’ అని వేసేవాళ్లు. వంతెనల మీంచి దూకాడు, మండుతున్న గోడౌన్లోంచి బయటికి ఎగిరాడు, హెలికాప్టర్ కింద వేలాడాడు. అతని నడకని అనుకరిస్తూ వీధుల్లో మనుషులు భుజాలు ఎగరేసుకుంటూ తిరిగారు. ఎంత ఎత్తుకి ఎదిగినా ఒక్క షరతు మాత్రం మార్చుకోలేదు. తాడు ముడి బాబాయే కట్టాలి. విదేశాల నుంచి తాళ్ల నిపుణుల్ని తెప్పిస్తామన్న నిర్మాతకి, నాకు నిపుణుడు వద్దండీ, భయపడేవాడు కావాలి అని తెగేసి చెప్పాడు. ప్రతిసారీ దూకే ముందు మేకప్ వ్యాన్ తలుపు మూసేసేవాళ్లు. లోపల హీరో, బాబాయ్, ఒక ప్లాస్టిక్ బకెట్. ఇరవై రెండేళ్లు ఆ బకెట్ సంగతి మూడో మనిషికి తెలియదు. హీరో అయ్యాక ‘ఒరేయ్’ పోయి ‘బాబు’ వచ్చింది బాబాయ్ నోట. అటు నుంచి మాత్రం ‘అన్నా’ అలాగే ఉండిపోయింది.

బాబాయ్‌కి యాభై ఎనిమిదో ఏట ఒక పొద్దున పిన్ని టీ గ్లాసు చేతికిచ్చింది. ఆయన పట్టుకుని పేపర్ చదువుకుంటున్నాడు. మీరు పట్టుకున్నది ఇప్పుడే పొయ్యి మీంచి దించిన టీ, చెయ్యి కాలట్లేదా అని ఆవిడ అడిగింది. చూస్తే వేళ్ల కొసలు ఎర్రగా కమిలిపోయి ఉన్నాయి. కాలినట్టు ఆయనకి తెలియలేదు.

షుగర్ వ్యాధి పదేళ్ల నుంచి ఉంది. వేళ్ల కొసల్లో స్పర్శ పోతోందని డాక్టర్ చెప్పాడు. బాబాయ్ ఆ మాట పిన్నికి చెప్పలేదు. అలవాటైపోయి కాలట్లేదులే అన్నాడు. నిజానికి ఆయన పనంతా వేళ్ల మీదే ఉంది. హీరో నడుముకి ఒక బెల్టు ఉంటుంది. తాడు చివర ఒక ఇనప కొక్కెం. ఆ కొక్కేన్ని బెల్టుకి తగిలించి, దాని మీదున్న చిన్న మర తిప్పి బిగించాలి. సరిగ్గా బిగిస్తే లోపల టక్కుమని చిన్నగా అదురుతుంది. సెట్లో ఉండే గోలలో ఆ చప్పుడు ఎవరికీ వినపడదు. వేలికి తెలుస్తుందంతే. ఆ టక్కు ఇప్పుడు బాబాయ్ వేలికి తెలియడం లేదు.

ఆరు నెలలు దాచాడు. కళ్లజోడు మార్చాడు, చేతిలో చిన్న టార్చ్ పెట్టుకున్నాడు, తొమ్మిదిసార్లు చూసేది ఇరవైసార్లు చూశాడు. బాబాయ్‌కి చాదస్తం ముదిరిందని మేం నవ్వుకున్నాం. ఆ ఆరు నెలల్లో చొక్కా గుండీలు కూడా అద్దం ముందు నిలబడి పెట్టుకునేవాడని తర్వాత తెలిసింది.

అప్పుడొచ్చింది ఆ మిల్లు షాట్. మూతబడ్డ నూలు మిల్లు, ఆరంతస్తులు. రేపోమాపో పడగొట్టేస్తారు కాబట్టి షూటింగ్ వాయిదా వేయడానికి లేదు. విలన్ తోస్తే హీరో పైకప్పు మీంచి వెనక్కి పడాలి, రెండంతస్తులు జారాక తాడు ఆపాలి. ముందురోజు మధ్యాహ్నం హీరో బరువుకి సరిపడా ఇసక నింపిన బస్తాతో ప్రయత్నించి చూశారు. కొక్కెం బాబాయే తగిలించాడు. బస్తా అంచు దాటింది, తాడు బిగుసుకుంది, ఆ కుదుపుకి బస్తా తాడుని వదిలేసి కిందకి వెళ్లిపోయింది. పగిలిన చోట ఇసక గుట్టగా పోసినట్టు పడి ఉంది.

బస్తాకి కుట్టిన పట్టీ తెగి ఉంటుందని మాస్టర్ అన్నాడు. వేరే బస్తా తెప్పించి బాబాయ్ పక్కనే పనిచేసే ఆయన బావమరిది చేత కట్టిస్తే అంతా సవ్యంగానే జరిగింది. ఇక ఎవరూ దాన్ని పట్టించుకోలేదు. బాబాయ్ మాత్రం మెట్లు దిగి వెళ్లి ఇసకలో చెయ్యి పెట్టి పట్టీ తీశాడు. అది తెగలేదు. తాడు పైకి లాగినప్పుడే ఆయన చూశాడు, కొక్కెం నోరు తెరుచుకుని ఉంది. మర సగమే తిరిగింది. ఆయన అక్కడే ఇసక మీద కూలబడిపోయాడు. నేను మంచినీళ్లు తీసుకెళ్తే, ఎండదెబ్బ అన్నాడు. ఆ రోజు ఎండే లేదు.

సాయంత్రం ఇంటికెళ్లి పిన్నికి అంతా చెప్పేశాడట. ఆవిడ వంటింట్లో పళ్లేలు కడుగుతోంది. కొళాయి కట్టేసి ఎదురుగా కూర్చుంది. ఆయన తనకి తానే సర్దిచెప్పుకుంటున్నాడు. రేపు ఒక్క షాటే కదా, కళ్లు నిలిపి చూసుకుంటాను, ఆ తర్వాత ఒంట్లో బాగాలేదని మానేస్తాను, ఇరవై రెండేళ్ల పేరు ఎందుకు పోగొట్టుకోవాలి అన్నాడు. పిన్ని ఆయన చెయ్యి బల్ల మీద పెట్టించి, గుండుసూది చూపించి కళ్లు మూసుకోమని, దాంతో వేలి కొస మీద పొడిచింది. నెత్తుటి చుక్క వచ్చింది. ఎప్పుడు పొడుస్తావని ఆయన అడిగాడు.

ఆవిడ దూదితో వేలు తుడిచి, కొళాయి తిప్పి పళ్లేలు కడుక్కోవడంలో పడిపోయింది.

మర్నాడు పొద్దున మేకప్ వ్యాన్ తలుపు మామూలుగానే మూసుకుంది. నేను పక్కనే కుర్చీలో మేకప్ గాయాల ఫొటోలు సరిచూసుకుంటున్నాను. కిటికీ రెక్క కొంచెం తెరిచి ఉంది. మాటలు వినపడ్డాయి.

“బాబూ, నా వేళ్లకి స్పర్శ లేదు. నిన్నటి బస్తా పట్టీ తెగి పడలేదు. నా చేతి తప్పు.”

తర్వాత హీరో గొంతు, చాలా మెల్లగా.

“ఎన్నాళ్ల నుంచి?”

“ఆరు నెలలు.”

“ఈ ఆరు నెలల్లో నన్ను నాలుగుసార్లు కట్టావు.”

బాబాయ్ ఏమన్నాడో వినపడలేదు. బకెట్ కాలికి తగిలి దొర్లిన చప్పుడు వినిపించింది. బయటికి పో అన్న మాట వినిపించింది. ఇన్నేళ్లలో అతను బాబాయ్‌ని అలా అనడం నేనెప్పుడూ వినలేదు. బాబాయ్ మెట్లు దిగి, వ్యాన్ టైరుకి ఆనుకుని నేల మీద కూర్చున్నాడు. ఒళ్లంతా చెమట. నా వైపు చూసి, ఈసారి నోరు మూసుకోలేదు అన్నాడు. నాకప్పుడు అర్థం కాలేదు.

గంట గడిచింది. నిర్మాత మనుషులు వాచీలు చూసుకుంటున్నారు. చివరికి హీరో దిగొచ్చాడు. మొహం పాలిపోయి ఉంది, మేకప్ కూడా దాన్ని దాచలేదు. షాట్ మానేద్దాం బాబూ అని బాబాయ్ బతిమాలాడు. హీరో తల అడ్డంగా ఊపాడు.

“ఇవాళ ఆగితే ఇక జన్మలో దూకలేను. నువ్వు కట్టకు. ఎవరు కట్టాలో నువ్వే చెప్పు.”

చెప్పడానికి ఒక్క మనిషే ఉన్నాడు. బాబాయ్ బావమరిది, పిన్ని తమ్ముడు. నలభై ఐదేళ్లవాడు. నోరు మూతపడదని అతన్ని రేడియో అనేవాళ్లం. పధ్నాలుగేళ్లుగా బావ పక్కనే పని చేస్తున్నా, హీరోకి కట్టడం మాత్రం బావ ఎప్పుడూ ఇవ్వలేదు. వాడికి భయం లేదు, అదే నా భయం అనేవాడు.

విషయం తెలిశాక రేడియో నోరు ఆగిపోయింది. మిల్లు పైకప్పు మీద హీరో ముందు మోకాళ్ల మీద కూర్చుని కొక్కెం తగిలించాడు. మర తిప్పాడు. విప్పి మళ్లీ తిప్పాడు. బావా చూడు అన్నాడు. చూశాక, ఇంకోసారి చూడు బావా అన్నాడు. బాబాయ్ బావమరిది భుజం మీద చెయ్యి వేసి, చాలు అన్నాడు.

ఇక్కడ తాడు సంగతి కాస్త చెప్పాలి. పైకప్పు మధ్యలో తాడుని వదిలే యంత్రం. అక్కడి నుంచి తాడు వచ్చి, అంచున బిగించిన ఇనప చక్రం మీదుగా కిందకి దిగుతుంది. గోడ అంచు తాడుని కొయ్యకుండా ఆ చక్రం. రేడియో యంత్రం బ్రేకు పట్టుకున్నాడు. అంచుకి రెండు గజాల ఇవతల, ఎప్పుడూ నిలబడే చోటే, బాబాయ్. ఆయన పక్కన నేను. కెమెరాలు, మాస్టర్, మిగతా జనం అంతా కింద.

హీరో వెనక్కి పడ్డాడు. తాడు బిగిసింది. కొక్కెం పట్టింది. కానీ గాల్లో అతని ఒళ్లు ఒక పక్కకి తిరిగి, పెండ్యులంలా ఊగి, భుజం వెళ్లి గోడకి కొట్టుకుంది. ఆ ఊపుకి తాడు చక్రం మీంచి తప్పుకుని, చక్రానికీ దాని చట్రానికీ మధ్య ఇరుక్కుపోయింది. ఇప్పుడు తాడు ఆనుకున్నది ఉత్త సిమెంటు అంచుకి. అతను ఊగినప్పుడల్లా అక్కడ గరగరమంటోంది. పైకి లాగితే తెగుతుంది. కిందకి వదులుదామంటే కదలదు. కింద పరిచిన పరుపులు అతను వేలాడే చోటుకి పదడుగుల అవతల ఉన్నాయి.

ఇది నటన అనుకుని కింద ఎవరో చప్పట్లు కూడా కొట్టారు.

తాడు పైపొర నుంచి తెల్లటి పీచు ఒకటి లేచి నిలబడింది. రేడియో బ్రేకు వదిలి రాలేడు. నేను బాబాయ్ వైపు చూశాను. ఆయన బోర్లా పడుకున్నాడు. నా కాళ్లు పట్టుకో అన్నాడు. అంతవరకూ నేను అవసరానికి పెద్దవాళ్ల కాళ్లు పట్టుకున్నవాణ్ణే, కానీ ఆ రోజు పట్టుకున్నట్టు ఎప్పుడూ పట్టుకోలేదు. ఒక గోనెసంచి మడత, ఇంకో కొక్కెం ఉన్న రెండో తాడు తీసుకుని, పాక్కుంటూ అంచుకి వెళ్లాడు. ముప్పై తొమ్మిదేళ్ల తర్వాత. ఆయన కాళ్లలోంచి వణుకు నా భుజాల దాకా పాకింది.

తాడు కింద గోనె దూర్చాడు. తల అంచు దాటించి కిందకి చూశాడు. హీరో కళ్లు మూసుకుని, ఒక చెయ్యి వేలాడేసి, పళ్లు కొరుకుతూ ఏదో గొణుగుతున్నాడట. బాబాయ్ రెండో తాడు దింపాడు.

“ఒరేయ్, కిందకి చూడకు. నన్ను చూడు. కొక్కెం నీ పొట్ట దగ్గరికి వచ్చింది, పట్టుకో.”

“అన్నా, చెయ్యి రావట్లేదు.”

“రెండో చెయ్యి ఉంది కదరా. పట్టుకో. బెల్టు కడియానికి తగిలించు. తగిలించావా? ఇప్పుడు మర తిప్పు. మెల్లగా. టక్కుమందా?”

“తెలీట్లేదు.”

“తెలుస్తుంది. వేలు దాని మీదే ఉంచు. తొందరేం లేదు.” తొందర ఎంత ఉందో ఆయన పక్కన తాడు చెప్తోంది. రెండో పీచు లేచింది. “ఇంకొంచెం తిప్పరా. తగిలిందా వేలికి?”

కాసేపటికి కింద నుంచి వచ్చింది జవాబు.

“తగిలింది అన్నా.”

“సరిగ్గా చెప్పు.”

“టక్కుమంది. వేలికి తగిలింది.”

ఈలోగా మెట్లెక్కి పరిగెత్తుకొచ్చిన ఫైటర్లు ఆరుగురు రెండో తాడు అందుకున్నారు. పక్కనున్న ఇంకో చక్రం మీదుగా అంగుళం అంగుళం లాగారు. హీరో తల అంచు మీదకి వచ్చేదాకా బాబాయ్ అక్కడి నుంచి కదల్లేదు. పైకి లాగాక ఇద్దరూ పక్కపక్కన వెల్లకిలా పడి ఉన్నారు. హీరో అందరి ముందూ వాంతి చేసుకున్నాడు. బాబాయ్ తన చొక్కా విప్పి అతని మూతి తుడిచాడు. ఇద్దరిలో ఎవరి పళ్లు ఎక్కువ కటకటలాడాయో చెప్పలేను. రేడియో ఇంకా బ్రేకు పట్టుకునే ఉన్నాడు. అతని వేళ్లు విప్పడానికి ఇద్దరు కావాల్సొచ్చారు.

హీరోకి భుజం ఎముక విరిగింది, నాలుగు నెలలు మంచం. తర్వాత అతను ఎత్తుల మీంచి దూకలేదు. ఆ సినిమా పోస్టర్ల మీద ‘డూప్ లేకుండా’ అన్న మాట తీయించేశాడు. పంపిణీదారులు మొహాలు మాడ్చుకున్నారు గానీ సినిమా ఆడింది. ఆ పైన నేల మీద ఫైట్లు చేశాడు, తర్వాత తండ్రి వేషాలు వేశాడు. దూకాల్సిన చోట డూప్ దూకేవాడు, తాడు రేడియో కట్టేవాడు. ఆ మనిషి ఇప్పుడు సెట్లో మాట్లాడడు. కట్టాక అందరినీ ఒక్కొక్కరినీ అడుగుతాడు.

బాబాయ్ ఆ రోజుతో పని మానేశాడు. కట్టు ఉన్న చేత్తోనే హీరో ఒకసారి వాళ్లింటికి వచ్చాడు. ఇరుకు గది, ఉన్న ఒక్క కుర్చీ అతనికి వేసి వీళ్లిద్దరూ మంచం మీద కూర్చున్నారు. ఆ పొద్దున వ్యాన్లో అన్న మాటకి ఏదో చెప్పబోతే బాబాయ్ చెప్పనివ్వలేదు. అతను ఇంకోటి అడిగాడు. ఆ రోజు నువ్వు చెప్పకుండా కట్టేసి ఉంటే ఏమయ్యేదన్నా అని. బాబాయ్ లేచి గుమ్మం దాకా వెళ్లి, గడియ వేసి ఉందో లేదో చూసొచ్చి కూర్చున్నాడు. పిన్ని టీ తెచ్చింది. ఈయనకి చల్లార్చి ఇచ్చింది.

సినిమా విడుదలైన వారానికి పిన్ని పట్టుబట్టి ఆయన్ని మధ్యాహ్నం ఆటకి తీసుకెళ్లింది. నేనూ వెళ్లాను. మిల్లు పైకప్పు తెర మీదకి రాగానే హాలంతా ఈలలు. విలన్ చెయ్యి ఎత్తేసరికి బాబాయ్ తల దించేసుకున్నాడు. రెండు చేతులూ ముందు సీటు వెనక భాగాన్ని పట్టుకుని ఉన్నాయి. చుట్టూ జనం కేకలు పెడుతున్నారు. సీను అయిపోయి హీరో నేల మీద నడుస్తున్నా ఆయన తల ఎత్తడే.

పిన్ని వంగి చెవిలో చెప్పింది.

“దిగాడు. ఇక చూడండి.”

నిజంగానా అని అడిగాడు. నన్ను కూడా అడిగాడు.